టోపోషీట్ ప్రొజెక్షన్ మారిస్తే అక్షరాలు ఎందుకు మసకబారతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్ పాత చెరువుల హద్దులు గీయడానికి 56కె/7 టోపోషీట్‌ని (సర్వే ఆఫ్ ఇండియా వివర పటం) 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, స్కాన్ చేశారు. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో జియోరెఫరెన్స్ చేశారు, అంటే బొమ్మలోని చోట్లకి నేల మీది స్థానాలు ఇచ్చారు. దాన్ని డబ్ల్యూజీఎస్ 84లోకి (డిగ్రీల్లో అక్షాంశ రేఖాంశాలు), అక్కణ్ణుంచి యూటీఎమ్ 44లోకి (మీటర్ల గ్రిడ్), చివరికి వెబ్‌లో పెట్టడానికి వెబ్ మెర్కేటర్‌లోకి మార్చారు. ఇలా గుండ్రటి భూమిని చదునుగా చూపే పద్ధతిని మార్చడమే ప్రొజెక్షన్ మార్పు. ఊళ్ల పేర్లు మసకబారాయి, కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపేవి) అక్కడక్కడా తెగిపోయాయి, ఫైలు మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. పిక్సెల్ సైజు 1 మీటర్ అని ఇస్తే పోయిన స్పష్టత తిరిగొస్తుందా అని అడిగారు. దీంతోపాటు ఎస్ఆర్‌టీఎమ్ (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) ఎత్తుల డేటాని యూటీఎమ్‌లోకి మార్చి హిల్‌షేడ్ (కొండల వెలుగునీడల బొమ్మ) చేస్తే అడ్డంగా నిలువుగా గళ్ల గీతలు పడుతున్నాయన్నారు.

మొదటిదానికి జవాబు: తిరిగి రాదు. 1 మీటర్ ఇస్తే మసక అక్షరం పెద్దదవుతుందే తప్ప తేటపడదు. కానీ మీ అసలు స్కాన్ చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి నష్టమేమీ జరగలేదు. దాని దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టి, జియోరెఫరెన్స్‌తో కలిపి నాలుగుసార్లు చేసిన పనిని ఒక్కసారిలో చేస్తే అక్షరాలు దాదాపు స్కాన్‌లో ఉన్నంత స్పష్టంగా వస్తాయి. అదెలాగో చెప్పేముందు, స్పష్టత ఎక్కడ పోయిందో మీ షీట్ లెక్కలతోనే చూపిస్తాను. అది తెలిస్తే రేపు వేరే డేటా చేతికొచ్చినా ఏ సెట్టింగ్ పెట్టాలో మీకే తడుతుంది.

బడిలో సోషల్ మాస్టారు పటాన్ని చార్టు మీదకి ఎక్కించమంటే ఏం చేసేవాళ్లమో గుర్తుందా? పుస్తకంలో పటం మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, చార్టు మీదా గళ్లు గీసి, ఇక్కడి గడిలో ఉన్నది చూసి అక్కడి గడిలో దించేవాళ్లం. రెండు గళ్లూ ఒకే వాలులో ఉంటే పని సుఖంగా సాగుతుంది. ఇప్పుడు చార్టు మీది గళ్లు కాస్త వాలుగా గీశారనుకోండి. చార్టులోని ఒక గడి పుస్తకంలోని నాలుగు గళ్ల మీద పడుతుంది. గడికి ఒక్క రంగే వేయాలన్నది నియమం. ఆ నాలుగింటిలో దేని రంగు వేస్తారు? దగ్గరున్న గడి రంగు యథాతథంగా వేస్తే అది నియరెస్ట్ నైబర్. నాలుగింటినీ దూరాన్ని బట్టి కలిపి వేస్తే బైలీనియర్. చుట్టూ ఉన్న పదహారింటినీ చూసి వేస్తే క్యూబిక్. రాస్టర్ (పిక్సెళ్ల గళ్లతో ఉన్న బొమ్మ) ప్రొజెక్షన్ మార్చడమంటే ఇంతే. బొమ్మ జరగదు. కొత్త గళ్లలో ప్రతి గడికీ విలువ కొత్తగా అంచనా వేస్తారు, దీన్నే రీశాంప్లింగ్ అంటారు. వెక్టర్‌తో, అంటే పాయింట్లు గీతలుగా ఉన్న డేటాతో, అలవాటైనవాళ్లకి ఇది మొదట్లో తట్టదు. పాయింటునో గీతనో ఎన్నిసార్లు మార్చినా ఏమీ పోదు. రాస్టర్‌లో ప్రతి మార్పూ ఒక కొత్త అంచనా.

ఇక మీ షీట్ సంగతి. 300 డీపీఐ అంటే కాగితం మీద ఒక పిక్సెల్ 0.085 మిల్లీమీటర్లు. 1:50,000 స్కేలులో అది నేల మీద 4.23 మీటర్లు. 56కె/7 అక్షాంశంలో 17°15′ నుంచి 17°30′ వరకు, రేఖాంశంలో 78°15′ నుంచి 78°30′ వరకు ఉంటుంది. అంటే సుమారు 26.6 కిలోమీటర్ల వెడల్పు, 27.7 కిలోమీటర్ల పొడవు. మార్జిన్లు తీసేస్తే స్కాన్‌లో ఈ భాగం సుమారు 6,280 × 6,540 పిక్సెళ్లు. ఇందులో కాంటూర్ గీత మందం దాదాపు మిల్లీమీటర్‌లో పదో వంతు, అంటే ఒక పిక్సెల్‌కి కాస్త ఎక్కువ. ఈ ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. మీ గీతలు ఒక పిక్సెల్ మందం మీద నిలబడి ఉన్నాయి. ఒక్క పిక్సెల్ అటూ ఇటూ అయితే అవి తెగుతాయి, లేదా పలచబడతాయి. ఇదే మార్పు ఉపగ్రహ చిత్రం మీద చేస్తే కంటికి ఆననిది టోపోషీట్ మీద కొట్టొచ్చినట్టు కనబడటానికి కారణం ఇదే.

మీరు చేసిన మార్పుల్లో మొదటిది డిగ్రీల్లోకి. పిక్సెల్ సైజు మీరు చెప్పకపోతే జీడాల్ (క్యూజీఐఎస్ లోపల ఈ మార్పులు చేసే సాధనం) తనే ఒకటి ఎంచుకుంటుంది. బొమ్మ ఎడమ పై మూల నుంచి కుడి కింది మూల వరకు ఎన్ని పిక్సెళ్లున్నాయో, కొత్త బొమ్మలోనూ అన్నే ఉండేలా, చతురస్రపు పిక్సెల్ వచ్చేలా లెక్క కడుతుంది. చాలాసార్లు అది సబబైన ఎంపికే. కానీ మన దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.7 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106.3 కిలోమీటర్లు. డిగ్రీల్లో చతురస్రమైన పిక్సెల్ నేల మీద చతురస్రం కాదు. మీ షీట్‌కి లెక్క కడితే పిక్సెల్ ఉత్తర దక్షిణాలుగా 4.32 మీటర్లు, తూర్పు పడమరలుగా 4.15 మీటర్లు అవుతుంది. ఫలితంగా అడ్డవరసలు 6,540 నుంచి 6,410కి తగ్గుతాయి, నిలువు వరసలు 6,280 నుంచి 6,410కి పెరుగుతాయి. నియరెస్ట్ పద్ధతిలో దీనర్థం, షీట్ మొత్తం మీద సుమారు 130 అడ్డవరసలు పూర్తిగా మాయమవుతాయి, సుమారు 130 నిలువు వరసలు రెండేసిసార్లు పడతాయి. తూర్పు పడమరలుగా సాగే సన్న గీత ఆ మాయమైన వరస మీద ఉంటే అక్కడ గీత లేనట్టే. మీరు పంపిన ముక్కలో కాలిబాట చుక్కల గీత ఒకచోట హఠాత్తుగా ఆగిపోయింది చూడండి. అలాంటి గీత తెగడానికి సర్వేయర్ పొరపాటో స్కానర్ లోపమో కారణమని వెతకనక్కర్లేదు.

రెండో మార్పు యూటీఎమ్‌లోకి. యూటీఎమ్ 44వ జోన్ 78° నుంచి 84° వరకు, నడిమి రేఖాంశం 81°. మీ షీట్ మధ్య 78.375° దగ్గర ఉంది, అంటే జోన్ పడమటి అంచున. ఇక్కడ నిజమైన ఉత్తరానికీ యూటీఎమ్ గ్రిడ్ ఉత్తరానికీ మధ్య సుమారు 0.78 డిగ్రీల తేడా ఉంది. నిటారుగా ఉన్న షీట్ అంత మేర తిరుగుతుంది. ముప్పాతిక డిగ్రీ అంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ 0.78 డిగ్రీల వాలులో ప్రతి 73 పిక్సెళ్లకి ఒక పిక్సెల్ మెట్టు పడుతుంది. తిన్నగా రాసిన ఊరి పేరులో అక్షరం మధ్యలో ఒక పిక్సెల్ పైకో కిందికో జరిగిపోతుంది. నియరెస్ట్‌లో అది విరిగినట్టు కనిపిస్తుంది. బైలీనియర్‌లో ఇంకో రకంగా బయటపడుతుంది. కొత్త గడి పాత గడి మీద సరిగ్గా కూర్చున్న చోట అక్షరం తేటగా ఉంటుంది, సగం సగం పడిన చోట నల్లగీత రెండు పిక్సెళ్ల బూడిదరంగు గీతగా మారుతుంది. మళ్ళీ 73 పిక్సెళ్ల తర్వాత తేట, మళ్ళీ మసక. ఒకే వరసలో కొన్ని పేర్లు బాగా కనిపించి కొన్ని అలుక్కుపోయినట్టుంటే స్కాన్‌ని అనుమానించకండి. ఈ వాలు వల్లే అలా వస్తుంది.

బొమ్మ అంచుల్లో మీకు కనబడిన నల్లటి త్రిభుజాలకీ ఈ వాలే కారణం. 6,500 పిక్సెళ్ల పొడవుకి 0.78 డిగ్రీలంటే అంచులో సుమారు 90 పిక్సెళ్ల ఖాళీ. ఆ ఖాళీలో సున్నా నింపారు, మీ తెర దాన్ని నలుపుగా చూపిస్తోంది. ఆల్ఫా బ్యాండ్ (పారదర్శకతని చెప్పే అదనపు పొర) పెట్టించుకుంటే అవి పారదర్శకమవుతాయి. సున్నాని నోడేటాగా (విలువ లేని చోటుగా) మాత్రం ప్రకటించకండి. షీట్‌లోని నల్లటి సిరా కూడా సున్నాయే, అక్షరాలకి చిల్లులు పడతాయి.

మూడోది వెబ్ మెర్కేటర్‌లోకి. అది బొమ్మని తిరిగి నిటారు చేసింది, అంటే మరోసారి అదే వాలు, ఈసారి ఎదురు దిశలో. జిరాక్స్ కాపీ నుంచి జిరాక్స్, దాన్నుంచి ఇంకో జిరాక్స్ తీసినట్టు, ఒక్కో దశలో పోయింది కొంచెమే అయినా నాలుగోసారికి కళ్లజోడు పెట్టుకున్నా చదవలేని స్థితికి వచ్చింది.

నా సలహా మొత్తం ఒక్క మాటలో చెప్పాలంటే, పాయింట్లని మార్చండి, బొమ్మని ముట్టుకోకండి. 1:50,000 షీట్‌లో అయిదేసి నిమిషాలకి అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి కాబట్టి 15 నిమిషాల షీట్‌లో అంచులతో కలిపి 16 ఖండన బిందువులు దొరుకుతాయి. ఆ పదహారింటి అక్షాంశ రేఖాంశాలని ఒక చిన్న సీఎస్‌వీ ఫైల్లో రాయండి. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి పాత నమూనా) మీద, పాలీకోనిక్ ప్రొజెక్షన్‌లో ఉంటాయి. 2005 జాతీయ పట విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84, యూటీఎమ్‌లో ఉంటాయి. మీది పాతది కనుక ఈ పాయింట్లకి కల్యాణ్‌పూర్ 1975 డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు కొలిచే ఆధారం), దాని కోడ్ ఈపీఎస్‌జీ 4146 ఇవ్వండి. ఆ పాయింట్ల లేయర్‌ని రీప్రొజెక్ట్ చేసి యూటీఎమ్ 44 ఉత్తరం, ఈపీఎస్‌జీ 32644లోకి తెచ్చుకోండి. పాయింట్లు వెక్టర్ కాబట్టి ఇందులో పోయేది ఏమీ లేదు. అలా వచ్చిన ఈస్టింగ్, నార్తింగ్ విలువలనే జియోరెఫరెన్సర్‌లో స్కాన్ మీది పదహారు చోట్లకి ఇవ్వండి. టార్గెట్ సీఆర్ఎస్ (నిర్దేశాంక వ్యవస్థ) 32644 అని పెట్టండి. డేటమ్ మార్పు, పాలీకోనిక్ నుంచి యూటీఎమ్‌కి మార్పు, కాగితం సాగడం కుంచించుకోవడం, స్కానర్‌లో వంకరగా పెట్టడం, ఇవన్నీ కలిసి ఒక్కసారే సరిదిద్దబడతాయి. బొమ్మ ఒక్కసారే రీశాంపుల్ అవుతుంది.

ఇక్కడ ట్రాన్స్‌ఫర్మేషన్ పద్ధతిగా రెండో డిగ్రీ పాలినామియల్ వాడండి. దానికి కనీసం 6 పాయింట్లు చాలు, మీ దగ్గర 16 ఉన్నాయి కాబట్టి తప్పుగా నొక్కిన పాయింటు రెసిడ్యువల్‌లో (పాయింటు దగ్గర మిగిలిన తేడాలో) దొరికిపోతుంది. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే ఇంకో పద్ధతి నాకు ఇష్టం లేదు. అది ప్రతి పాయింటునీ నూటికి నూరుపాళ్లు నమ్మి రెసిడ్యువల్ సున్నా చూపిస్తుంది. మీ చెయ్యి తప్పి పది పిక్సెళ్ల అవతల నొక్కినా అటు బొమ్మని లాగేసి, అంతా బాగుందంటుంది. మడతలు పడి చిరిగి అతికించిన షీట్‌కైతే వాడొచ్చు, అదీ పాయింట్లు రెండుసార్లు సరిచూసుకున్నాకే.

డేటమ్ గురించి ఒక్క మాట, ఎందుకంటే చాలామంది దీన్ని నాణ్యత సమస్య అనుకుంటారు. ఎవరెస్ట్ పాయింట్లని డబ్ల్యూజీఎస్ 84 అని చెప్పేస్తే బొమ్మ తేటగానే ఉంటుంది, కానీ హైదరాబాద్ ప్రాంతంలో వంద మీటర్లకి పైగా పక్కకి కూర్చుంటుంది. అంటే మీ చెరువు కట్ట పక్క కాలనీలో తేలుతుంది. రీశాంప్లింగ్ వల్ల వచ్చే తప్పు పిక్సెల్‌లో సగం దాటదు. వంద మీటర్ల తేడా కనిపిస్తే రీశాంప్లింగ్ సెట్టింగులు తిప్పుతూ కాలం పోగొట్టుకోకండి, డేటమ్ చూడండి.

రీశాంప్లింగ్ పద్ధతి దగ్గర క్యూబిక్ ఎంచుకోండి. క్యూజీఐఎస్‌లోనూ జీడాల్‌వార్ప్‌లోనూ (బొమ్మని వార్ప్ చేసే, అంటే కొత్త గళ్లలోకి మార్చే, కమాండ్) మీరు ఏమీ మార్చకపోతే నియరెస్టే నడుస్తుంది, చాలామంది కష్టాలకి మూలం అదే. క్యూబిక్‌లో నల్లగీత పక్కన కాగితం రంగు కంటే కాస్త తెల్లటి అంచు పడుతుంది. అది ఆ పద్ధతి స్వభావం, అక్షరాల విషయంలో అది కంటికి మేలే చేస్తుంది. లాంజోస్ అనే పద్ధతి ఇంకా పదునుగా ఉంటుంది కానీ ఆ తెల్లటి అంచు ఇంకా ఎక్కువ. కిక్కిరిసిన కాంటూర్లున్న కొండల దగ్గర గీతకీ గీతకీ మధ్య అలల్లాగా కనిపిస్తుంది. నేను టోపోషీట్లకి క్యూబిక్ దాటి పోను.

క్యూబిక్ నొక్కేముందు ఒకటి తప్పనిసరిగా చూడండి. మీ స్కాన్ ఎన్ని బ్యాండ్లు? చాలా స్కానింగ్ కేంద్రాలు ఫైలు చిన్నగా ఉండాలని 256 రంగుల పట్టికతో ఒకే బ్యాండ్ ఇస్తాయి. అందులో పిక్సెల్ విలువ రంగు కాదు, పట్టికలో ఆ రంగు వరస సంఖ్య. 12 అంటే గోధుమరంగు కాంటూర్, 40 అంటే నీలం వాగు అనుకోండి. ఆ రెండింటి మధ్య సగటు 26. పట్టికలో 26 ఎర్ర రోడ్డు కావొచ్చు. క్యూబిక్‌ నడిపితే ప్రతి గీత చుట్టూ అర్థంలేని రంగుల మచ్చలు వస్తాయి. లేయర్ ప్రాపర్టీస్‌లో "పాలెటెడ్" అని కనిపిస్తే ముందు రాస్టర్ మెనూలో కన్వర్షన్ కింద ఉన్న పీసీటీ నుంచి ఆర్‌జీబీకి మార్చే సాధనంతో మూడు బ్యాండ్లు చేసుకోండి. ఇందులో పిక్సెళ్లు కదలవు కాబట్టి నష్టం లేదు.

ఇదే కారణంతో భూవినియోగ పటాలకి, నేలల పటాలకి నియరెస్ట్ తప్ప ఇంకేదీ వాడకూడదు. ఇస్రో భువన్ పోర్టల్ నుంచి తెచ్చిన భూవినియోగ తరగతుల్లో పంటభూమికీ నీటికీ సగటు అంటూ ఉండదు. పిక్సెల్ పెద్దది చేస్తున్నప్పుడు మాత్రం మోడ్ వాడండి, ఎక్కువ పిక్సెళ్లున్న తరగతిని అది ఎంచుకుంటుంది.

పిక్సెల్ సైజు ఎంతివ్వాలి? మూలం 4.23 మీటర్లు. 4 మీటర్లు ఇవ్వండి. గుండ్రటి సంఖ్య, మూలం కంటే రవ్వంత చిన్నది, కాబట్టి వరసలు మాయమవ్వవు. పేర్లు మరీ చిన్నవిగా ఉండి స్కాన్‌లోని ప్రతి అంచూ నిలవాలంటే 2 మీటర్లు ఇవ్వొచ్చు. పిక్సెళ్లు నాలుగింతలవుతాయి, కొత్త సమాచారం రాదు, ఉన్నది తరగకుండా ఉంటుంది. 1 మీటర్‌కి వెళ్లడం వల్ల డిస్క్ నిండటం తప్ప మరేమీ లేదు. మీకు నిజంగా ఇంకా వివరం కావాలంటే దారి స్కానర్ దగ్గరే ఉంది. 600 డీపీఐలో స్కాన్ చేయించండి, పిక్సెల్ 2.1 మీటర్లు అవుతుంది, కాంటూర్ గీతకి రెండు పిక్సెళ్లకి పైగా మందం దొరుకుతుంది. ఒక్కసారి వార్ప్ చేసినా గీత తెగే ప్రమాదం అక్కడితో పోతుంది. షీట్ మళ్ళీ దొరికే వీలుంటే ఏ సాఫ్ట్‌వేర్ చిట్కా కంటే నేను దీనికే ఓటేస్తాను.

పిక్సెల్ సైజు ఇచ్చేటప్పుడు టీఏపీ అనే ఆప్షన్ కూడా పెట్టండి. జీడాల్‌వార్ప్‌లో మైనస్ టీఆర్ 4 4 తర్వాత మైనస్ టీఏపీ అని రాయాలి. పిక్సెళ్ల అంచులు 4 మీటర్ల గుణకాల మీదే మొదలవుతాయి. రేపు తూర్పున ఉన్న 56కె/11 షీట్‌ని కూడా ఇలాగే చేసి రెండూ కలిపితే గళ్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, కలపడానికి మళ్ళీ రీశాంప్లింగ్ అక్కర్లేదు. ఇది పెట్టకుండా పది షీట్లు చేసి, కలిపేటప్పుడు ప్రతి అతుకు దగ్గరా అర పిక్సెల్ తేడాతో తలపట్టుకున్నవాళ్లని చూశాను. మార్జిన్లు కత్తిరించడం కూడా అదే వార్ప్‌లో కట్‌లైన్ పాలిగన్ ఇచ్చి చేసుకోవచ్చు. షీట్ హద్దు యూటీఎమ్‌లో వాలుగా ఉంటుంది కాబట్టి చతురస్రపు క్లిప్ పనికిరాదు.

ఫైలు పరిమాణం గురించి కంగారు పడకండి. 6,280 × 6,540 అంటే 4.1 కోట్ల పిక్సెళ్లు. మూడు రంగులకి మూడు బైట్ల చొప్పున 12.3 కోట్ల బైట్లు. మీ జేపెగ్ స్కాన్ దీన్నే కుదించి చిన్నదిగా దాచింది, టిఫ్ కుదించకుండా రాసింది. పరిమాణం పెరిగితే నాణ్యత పెరిగినట్టూ కాదు, తగ్గితే తగ్గినట్టూ కాదు. కంప్రెషన్‌లో డిఫ్లేట్ ఎంచుకోండి. ఒక్క విలువ కూడా మారకుండా పరిమాణం తగ్గుతుంది. జేపెగ్ కంప్రెషన్ మాత్రం వద్దు. అది ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా కోసి అంచులని పలచన చేస్తుంది, అక్షరాల చుట్టూ దుమ్ము పట్టినట్టుంటుంది. వీలైతే స్కాన్ కూడా టిఫ్‌లోనే అడగండి.

ఇప్పుడు వెబ్ పని. యూటీఎమ్ బొమ్మని వెబ్ మెర్కేటర్‌లోకి మార్చకండి. అవే పదహారు పాయింట్లని ఈపీఎస్‌జీ 3857లోకి మార్చి, అసలు స్కాన్ నుంచి రెండో బొమ్మ నేరుగా తయారుచేయండి. ఒకటి కొలతలకి, ఒకటి చూపించడానికి. రెండూ మొదటి తరం నకళ్లే. వెబ్ పటాన్ని ముక్కలుగా చూపే టైల్స్‌లో జూమ్ 15 దగ్గర పిక్సెల్ భూమధ్యరేఖ మీద 4.78 మీటర్లు, హైదరాబాద్ అక్షాంశంలో నేల మీద 4.56 మీటర్లు. అది మీ 4.23 కంటే ముతక, కాబట్టి సన్న గీతలు కొన్ని పోతాయి. జూమ్ 16 దగ్గర 2.28 మీటర్లు. అక్కడిదాకా టైల్స్ చేస్తే చాలు, 17, 18 వద్దు. టైల్స్‌ని పీఎన్‌జీలోనే ఉంచండి.

చెరువుల విస్తీర్ణం మాత్రం ఎన్నడూ వెబ్ మెర్కేటర్ బొమ్మలో పిక్సెళ్లు లెక్కపెట్టి చెప్పకండి. 17.4° అక్షాంశం దగ్గర అది పొడవుని 4.8 శాతం పెంచి చూపిస్తుంది, అంటే విస్తీర్ణం దాదాపు 10 శాతం పెరుగుతుంది. 100 ఎకరాల చెరువు 110 ఎకరాలుగా కనిపిస్తుంది. ఎంత ఆక్రమణకి గురైందో తేల్చే పనిలో ఆ పది ఎకరాలు ఎంత గొడవకి దారితీస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. యూటీఎమ్‌లో మీ షీట్ దగ్గర ఈ తప్పు పొడవులో వెయ్యికి ఒక వంతు కూడా ఉండదు. తెలంగాణ రెండు యూటీఎమ్ జోన్లలో, ఆంధ్రప్రదేశ్ మూడు జోన్లలో పడతాయి. అనంతపురం 43లో, విజయవాడ 44లో, ఇచ్ఛాపురం 45లో. తెలంగాణ మొత్తానికి ఒకే 44 వాడినా పడమటి కొసన తేడా కిలోమీటరుకి రెండు మీటర్లు దాటదు. చెరువుల పనికి అదేమీ అడ్డు కాదు, కాబట్టి జిల్లాకో జోన్ చొప్పున ముక్కలు చేసుకోకండి.

ఇక హిల్‌షేడ్‌లో గళ్లు. ఇది నాకు బాగా దగ్గరైన విషయం. చాలా ఏళ్ల కిందట ఒక వాటర్‌షెడ్ పనిలో వాలు పటం చేసి ఇచ్చాను. కొండవాలు మీద సమాన దూరాల్లో చదునైన పట్టీలు కనిపించాయి. అవి పాత గట్లు అయి ఉంటాయని అందరం అనుకున్నాం. పొలానికి వెళ్లి చూస్తే అక్కడ గట్టు లేదు, రాయి లేదు. రెండు గ్రామాలు తిరిగాక గానీ ఆ పట్టీలు నా వార్ప్‌లో పుట్టాయని తెలియలేదు. రైతుల ముందు ఆ పటం పరిచి మాట్లాడినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

లెక్క ఇది. ఎస్ఆర్‌టీఎమ్ పిక్సెల్ ఒక ఆర్క్ సెకండ్ (డిగ్రీలో 3,600వ వంతు). హైదరాబాద్ దగ్గర అది ఉత్తర దక్షిణాలుగా 30.74 మీటర్లు, తూర్పు పడమరలుగా 29.5 మీటర్లు. మీరు దాన్ని 30 మీటర్ల గళ్లలోకి నియరెస్ట్‌తో మార్చారు. ఉత్తర దక్షిణాలుగా 41 పాత వరసలు 42 కొత్త వరసలయ్యాయి, అంటే ప్రతి 41 వరసలకి ఒకటి రెండుసార్లు పడింది. పక్కపక్కనే ఒకే ఎత్తున్న రెండు వరసలుంటే వాటి మధ్య వాలు సున్నా, హిల్‌షేడ్‌లో అది చదునైన పట్టీ. తూర్పు పడమరలుగా 60 పాత నిలువు వరసలు 59 అయ్యాయి, ప్రతి 60కి ఒకటి మాయం, అక్కడ వాలు ఒక్కసారిగా రెట్టింపు. అడ్డంగా ఒక లయలో, నిలువుగా ఒక లయలో గళ్లు పడటానికి ఇదే కారణం. ఎత్తుల పటంగా చూస్తే ఇది కనబడదు. వాలు లెక్కలో పక్కపక్క విలువల తేడా చూస్తారు కాబట్టి అక్కడ బయటపడుతుంది.

ఎత్తుల డేటాకి బైలీనియర్ లేదా క్యూబిక్ వాడండి. ముందు ఎత్తులని యూటీఎమ్‌లోకి మార్చి, ఆ తర్వాతే హిల్‌షేడ్, వాలు చేయండి. డిగ్రీల్లో చేసిన హిల్‌షేడ్‌ని మార్చడం తలకిందుల పని. అవుట్‌పుట్ డేటా టైపు ఫ్లోట్ 32 (దశాంశాలు నిలిపేది) ఇవ్వండి. ఎస్ఆర్‌టీఎమ్ విలువలు పూర్ణ మీటర్లు. అవుట్‌పుట్ కూడా పూర్ణసంఖ్యగానే ఉంచితే బైలీనియర్ కట్టిన 12.4ని మళ్ళీ 12 చేసి పారేస్తుంది. కొండల్లో అది తెలియదు గానీ కృష్ణా, గోదావరి డెల్టాల్లాంటి చదును నేలలో మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, నీటి ప్రవాహ దిశ లెక్క తప్పుతుంది. ఇంకొకటి, డేటా లేని చోట ఎస్ఆర్‌టీఎమ్‌లో మైనస్ 32768 ఉంటుంది. అది నోడేటా అని ప్రకటించి ఉందో లేదో ముందే చూడండి. లేకపోతే క్యూబిక్ ఆ సంఖ్యని కూడా ఎత్తనుకుని కలిపేస్తుంది, ఆ ఖాళీ చుట్టూ లేని అగాధాలు పుడతాయి.

పిక్సెల్ బాగా పెద్దది చేస్తున్నప్పుడు, ఉదాహరణకి 30 నుంచి 90 మీటర్లకి, యావరేజ్ వాడండి. పాత జీడాల్ వెర్షన్లలో బైలీనియర్ ఎంత తగ్గించినా నాలుగు పిక్సెళ్లనే చూసి మిగతావి వదిలేసేది. 2.0 నుంచి మధ్యలోని పిక్సెళ్లన్నీ లెక్కలోకి తీసుకుంటోంది. మీ ఆఫీసు కంప్యూటర్లో ఏళ్లనాటి సాఫ్ట్‌వేర్ ఉంటే ఇది గుర్తుంచుకోండి.

పని మొదలుపెట్టేముందు చివరిగా ఒక పరీక్ష. మీకు తెరమీద కనిపించిన విరుపు ఫైల్లో ఉందో, కేవలం చూపించడంలో ఉందో తేల్చుకోండి. క్యూజీఐఎస్ ప్రాజెక్టు ఒక సీఆర్ఎస్‌లో, లేయర్ ఇంకో సీఆర్ఎస్‌లో ఉంటే అది తెరమీద అప్పటికప్పుడు మార్చి చూపిస్తుంది, అదీ నియరెస్ట్‌తో. కింది మూలలో ప్రాజెక్టు సీఆర్ఎస్‌ని లేయర్‌ది చేసి, లేయర్ మీద రైట్ క్లిక్ కొట్టి నేటివ్ రిజల్యూషన్‌కి జూమ్ చేసి చూడండి. అక్కడ తేటగా ఉంటే ఫైలు బాగున్నట్టే. లేయర్ ప్రాపర్టీస్‌లో సింబాలజీ కింద జూమ్ ఇన్, జూమ్ అవుట్ రీశాంప్లింగ్‌ని నియరెస్ట్ నుంచి వేరేదానికి మార్చుకుంటే చాలు. పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు కూడా ఇదే పాటించండి.

పదహారు పాయింట్లు ఇచ్చాక రెసిడ్యువల్స్ చూడండి. 300 డీపీఐ స్కాన్‌కి రెండు పిక్సెళ్ల లోపు ఉంటే వార్ప్ చేసేయండి. ఒకటో రెండో పాయింట్లు మాత్రమే ఎక్కువ చూపిస్తే అక్కడ చెయ్యి తప్పినట్టు, మళ్ళీ నొక్కండి. పదహారూ ఒకే తీరులో ఎక్కువ చూపిస్తుంటే ఆ పట్టికని ఇక్కడ పెట్టండి, షీట్ ఎడిషన్ సంవత్సరం కూడా మార్జిన్‌లో చూసి రాయండి. కలిసి చూద్దాం.